క్లిక్కు కథ ఎక్కడ మొదలైంది, ఎక్కడికొచ్చింది

ఏఐ వచ్చి వార్తా సైట్ల పొట్ట కొడుతోందని ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. నిజమే, కానీ ఈ గొడవ చాట్‌జీపీటీతో మొదలవలేదు. సంగతి తెలియాలంటే 1994కి వెళ్లాలి.

ఆ అక్టోబరులో హాట్‌వైర్డ్ సైట్ ఏటీ అండ్ టీ కంపెనీ బ్యానర్ యాడ్ పెట్టింది. చూసినవాళ్లలో నూటికి 44 మంది నొక్కారని చెప్తారు. ఇప్పుడు నూటికి ఒక్కరు నొక్కినా మార్కెటింగ్ వాళ్లకి పండగే. అదే ఏడాది ఇంకో రెండు పనులు జరిగాయి. సైట్‌కి మళ్లీ వచ్చిన మనిషిని గుర్తుపట్టే చీటీలాంటి కుకీని నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటుల్లి తయారుచేశాడు. ఫలానా పేజీల్లోకి రావద్దని సైట్ యజమాని ఒక ఫైల్లో రాసిపెడితే సైట్లు తిరిగి పేజీలు చదివే సాఫ్ట్‌వేర్ బాట్లు దాన్ని మన్నించాలనే పద్ధతిని, అదే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీని, మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించాడు. తాళం లేదు, ఒట్టి మర్యాద.

1998లో గోటూ డాట్‌కామ్ అనే సెర్చ్ సైట్ యాడ్లకి క్లిక్కుకి ఇంత అని వేలం పెట్టింది. గూగుల్ 2000లో సెర్చ్‌లో యాడ్లు అమ్మే యాడ్‌వర్డ్స్ తెచ్చి, 2002లో అదే దారి పట్టి, 2003లో యాడ్‌సెన్స్‌తో చిన్నాపెద్దా సైట్లన్నిటికీ యాడ్ ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ సైట్లకీ గూగుల్‌కీ మధ్య ఎవరూ సంతకం పెట్టని ఒప్పందం ఒకటి కుదిరింది: నా పేజీలు నువ్వు ఊరికే చదువుకో, బదులుగా మనుషుల్ని నా దగ్గరికి పంపు. ఇరవై ఏళ్ల పాటు వెబ్ తిండి తిన్నది దీని మీదే.

మరోపక్క, మనం ఏం చూడాలో మెషీనే ఎంచిపెట్టడం మొదలైంది. ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ 2006లో వచ్చింది. సినిమా సిఫారసుల్ని పది శాతం మెరుగుపరిస్తే పది లక్షల డాలర్లిస్తామని నెట్‌ఫ్లిక్స్ పోటీ పెట్టిందీ అదే ఏడాది. 2012లో యూట్యూబ్ ఎన్నిసార్లు చూశారన్నది పక్కనపెట్టి ఎంతసేపు చూశారన్నదానికి పెద్దపీట వేసింది, దాంతో వీడియోలు తీసేవాళ్ల తీరే మారిపోయింది. ఏఐ మన చూపుని నడపడం అప్పుడే మొదలైంది, మనం దాన్ని ఏఐ అనలేదు, అంతే.

మార్కెటింగ్ వాళ్లకి 2021లో దెబ్బ తగిలింది. యూజర్ ఒప్పుకుంటే తప్ప యాప్‌లు అతన్ని వేరే యాప్‌లలో, సైట్లలో వెంబడించకూడదని ఆపిల్ రూల్ పెట్టింది. మనిషి జాడ దొరకడం కష్టమయ్యేసరికి గూగుల్ పెర్ఫార్మెన్స్ మ్యాక్స్ లాంటివి ముందుకొచ్చాయి: బడ్జెట్, ఫోటోలు, రెండు ముక్కల రాత ఇస్తే యాడ్ ఎవరికి, ఎక్కడ, ఏ రూపంలో చూపాలో మెషీనే తేల్చుకుంటుంది. పని తేలికైంది, కానీ డబ్బు ఎక్కడ ఎందుకు పోయిందో ఇదివరకంత వివరంగా కనపడదు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. 2024 మేలో గూగుల్ అమెరికాలో సెర్చ్ పైనే ఏఐ జవాబులు పెట్టింది. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ అక్కడి వాళ్ల 2025 మార్చి సెర్చ్‌లు పరిశీలిస్తే, ఏఐ జవాబు లేనప్పుడు 15 శాతం సార్లు కింది లింకు నొక్కినవాళ్లు, ఉన్నప్పుడు 8 శాతం సార్లే నొక్కారు. జవాబులోపలి లింకు నొక్కింది ఒక్క శాతం. అంటే పేజీని చదవడం మెషీన్ మానలేదు, మనుషుల్ని పంపడం మాత్రం తగ్గించింది. ఒప్పందం తెగింది ఇక్కడే అని నా లెక్క.

కొందరు కోర్టుకెక్కారు: చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ మీద న్యూయార్క్ టైమ్స్ 2023 డిసెంబరులో అమెరికాలో, మన వార్తాసంస్థ ఏఎన్ఐ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో కేసులు వేశాయి. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్, జర్మనీ పత్రికల కంపెనీ యాక్సెల్ స్ప్రింగర్ లాంటివి డబ్బు తీసుకుని ఓపెన్ఏఐతో చేతులు కలిపాయి. చిన్న సైట్లకి ఈ రెండూ అందేవి కావు, లాయర్ ఫీజుకే మూతపడతాయి. సెర్చ్ మార్కెటింగ్ వాళ్లేమో గూగుల్ మొదటి పేజీలో కనపడాలన్న గోల తగ్గించి, ఏఐ జవాబులో బ్రాండ్ పేరు ఎలా రప్పించాలన్న టెన్షన్‌లో ఉన్నారు.

ఆ 1994 నాటి ఫైల్లో ఇప్పుడు ఏఐ బాట్ల పేర్లు రాస్తున్నారు, మర్యాద పాటించేవి ఆగుతున్నాయి, మిగతావి దూరుతున్నాయి. అందుకే 2025 జులైలో, సైట్లకి కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ తన దగ్గర కొత్తగా చేరే సైట్లలో ఏఐ బాట్లని ముందే ఆపేసి, చదవాలంటే డబ్బు కట్టమనే పద్ధతిని ట్రయల్‌గా మొదలుపెట్టింది. డబ్బు కట్టని బాట్‌కి వెళ్లే జవాబు 402, అంటే 'డబ్బు కట్టాలి'. వెబ్ తొలిరోజుల్లోనే కేటాయించి, పెద్దగా వాడకుండా పక్కన పెట్టేసిన కోడ్ అది.