నెగెటివ్ స్కాన్‌లో ఆ గీత ఎక్కడి నుంచి వచ్చింది?

చెన్నైలో కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం వైపు పాత తెలుగు కుటుంబాల ఇళ్లలో ఇప్పటికీ నెగెటివ్‌ల కవర్లు దొరుకుతాయి. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నంతకాలం దాన్ని నమ్ముకుని ఎంతోమంది ఇక్కడ స్థిరపడ్డారు. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినా కొందరు ఇక్కడే ఉండిపోయారు. ఆ కవర్లలో పెళ్లిళ్లు, షూటింగు విరామాలు, మెరీనాలో తీసిన బొమ్మలు. కొన్ని కొడాక్ రీళ్లు, కొన్ని ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' రీళ్లు. వాటిని మనవలు ఇప్పుడు ఫ్లాట్‌బెడ్ (గాజు పలక) స్కానర్ మీద పెడుతుంటే, బొమ్మ ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి గీత. కొన్నిసార్లు రంగు గీత, కొన్నిసార్లు వెడల్పాటి చారలు. వెంటనే అందరూ ఫిల్మ్ పాడైపోయిందనుకుంటారు. చాలాసార్లు ఫిల్మ్‌కు ఏమీ కాదు. స్కానర్లు నడిచి వచ్చిన దారే ఆ గీతకు కారణం.

మొదట్లో స్కానర్ బొమ్మను చుక్క చుక్కగా చదివేది. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన పసిబిడ్డ ఫోటోను తిరిగే డ్రమ్ము మీద చుట్టి, 176×176 చుక్కలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తర్వాత ప్రెస్సుల్లోకి వచ్చిన డ్రమ్ స్కానర్లదీ అదే పద్ధతి: బొమ్మ మొత్తాన్నీ ఒకే కన్ను, అంటే వెలుతురును కొలిచే ఒకే సెన్సార్, చూస్తుంది. ఆ కన్ను కాస్త మందగిస్తే బొమ్మంతా మందగిస్తుందే తప్ప, ఒక్కచోట మాత్రం గీత పడదు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీని, అంటే వెలుతురును విద్యుత్ సంకేతాలుగా మార్చే చిప్‌ను, కనిపెట్టారు. దానికి 2009లో నోబెల్ కూడా వచ్చింది. వేల కళ్లను ఒకే వరుసలో పేర్చి, ఆ వరుసను కాగితం కింద నడిపించడం దానివల్ల సాధ్యమైంది. 1976లో రే కర్జ్‌వైల్ చూపులేనివారి కోసం తెచ్చిన పుస్తకాలు చదివే యంత్రంలో ఇలాంటి ఫ్లాట్‌బెడ్డే ఉంది. అంటే ఈ పద్ధతి పుట్టింది తెల్ల కాగితం మీది నల్ల అక్షరాల కోసం. గీత కూడా దీంతోపాటే పుట్టింది. వరుసలో ఒక్క కన్ను తప్పు చూస్తే, ఆ వరుసను మోసే బండి నడిచినంత దూరం ఆ తప్పు సాగుతుంది.

వేల కళ్లూ పుట్టుకతో సమానంగా ఉండవు కాబట్టి, స్కానర్ పని మొదలుపెట్టే ముందు అడ్డేమీ లేని వెలుతురును చూసి, ఏ కన్ను ఎంత తక్కువగా చూస్తోందో లెక్కగట్టి సరిచేసుకుంటుంది. ఇదే కాలిబ్రేషన్. కాగితం స్కాన్‌లో అక్కడ చిన్న పొరపాటు జరిగినా కంటికి కనిపించదు. నెగెటివ్ దగ్గర మాత్రం దాక్కోలేదు. నెగెటివ్‌లో వెలుగునీడల తేడా తక్కువ. మామూలు ఫోటోలా కనిపించాలంటే సాఫ్ట్‌వేర్ ఆ తేడాను బాగా లాగి పెంచాలి. బొమ్మతోపాటు పొరపాటూ పెరుగుతుంది. కలర్ నెగెటివ్‌కు నారింజ రంగు పొర ఉంటుంది, అది నీలాన్ని బాగా ఆపేస్తుంది. అందుకే నీలం చానెల్‌ను అన్నిటికంటే ఎక్కువ పెంచాల్సి వస్తుంది, పసుపు, నీలం గీతలు తరచుగా కనబడటానికి అదొక కారణం.

ఫిల్మ్ కోసమే చేసిన ఖరీదైన యంత్రాలకూ ఈ తలనొప్పి తప్పలేదు. నికాన్ కూల్‌స్కాన్ 8000 ఒకేసారి మూడు వరుసలు చదివి వేగం పెంచింది, చారలూ తెచ్చుకుంది. వాటిని పోగొట్టడానికి ఒక్క వరుసతోనే నెమ్మదిగా చదివే 'సూపర్ ఫైన్' పద్ధతి వాడాల్సి వచ్చేది. 2006లో ఫిల్మ్ స్కానర్లు చేసే కోనికా మినోల్టా ఫోటో వ్యాపారమే వదిలేసింది, తర్వాత నికాన్ కూడా ఫిల్మ్ స్కానర్లు మానేసింది. ఎక్కువగా మిగిలినవి మూతలో దీపం ఉన్న ఫ్లాట్‌బెడ్లు. ఎప్సన్ వీ700 2006లోనే వచ్చింది. కాగితానికి పుట్టిన పద్ధతి మీద ఫిల్మ్ భారం చాలావరకు పడింది.

ఇక పనిలోకి వద్దాం. ఫిల్మ్‌ను పట్టుకునే ఎప్సన్ హోల్డర్ పైభాగంలో ఖాళీగా ఒక సందు ఉంటుంది. ఉత్త ప్లాస్టిక్ డిజైన్ అనుకుని చాలామంది దాన్ని పట్టించుకోరు. కాలిబ్రేషన్ జరిగేది ఆ సందులోంచే. అక్కడ గాజు మీద చిన్న దుమ్ము కణం ఉన్నా, ఆ కింద ఉన్న కన్ను 'నాకు వెలుతురు తక్కువ' అనుకుని అవసరానికి మించి పెంచుకుంటుంది. ఫలితం స్లైడ్‌లో (పాజిటివ్ ఫిల్మ్) తెల్లటి గీత, నెగెటివ్‌ను పాజిటివ్ చేశాక నల్లటి గీత. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చూసే వరుసల్లో ఒక్కదానికే అడ్డుపడితే రంగు గీత. స్లైడ్‌లో ఆకుపచ్చగా కనిపించేది నెగెటివ్‌లో మెజెంటాగా మారుతుంది. చెన్నై గాలి తేమకు దుమ్ము గాజుకు అతుక్కుంటుంది, ఉఫ్ అని ఊదితే పోదు. మెత్తటి బట్టను కొద్దిగా తడిపి తుడవాలి; ద్రవాన్ని నేరుగా గాజు మీద కొడితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది, అప్పుడు అసలు టెన్షన్ మొదలవుతుంది.

బండి నడిచే దిక్కుకు అడ్డంగా చారలు పడితే కథ వేరు. బెల్టు, మోటారు సాఫీగా కదలకపోయినా, పాత ట్యూబు దీపం వేడెక్కకముందే స్కాన్ మొదలుపెట్టినా అలా పడతాయి. మనవాళ్లు ముందు వోల్టేజీని తిడతారు గానీ, అడాప్టర్ దాన్ని చాలావరకు సర్దేస్తుంది. నేనైతే ముందు రిజల్యూషన్‌నే అనుమానిస్తాను. 35 ఎంఎం ఫ్రేమును 6400 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు), 48 బిట్ల రంగులో తీస్తే సుమారు 330 ఎంబీ. 2400లో 46 ఎంబీ చాలు. కంప్యూటర్ ఆ బరువు అందుకోలేకపోతే బండి మధ్యలో ఆగి, వెనక్కి జరిగి, మళ్లీ బయల్దేరుతుంది. ఆగిన చోట అతుకు కనిపిస్తుంది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. ఈ హోల్డర్లలో 35 ఎంఎం స్ట్రిప్పు బండి నడిచే దిక్కులోనే పడుకుంటుంది. కెమెరాలో రీలు లాగినప్పుడు పడిన గీరలూ అదే దిక్కులో ఉంటాయి. రెండూ చూడటానికి ఒకటే. స్ట్రిప్పును తల ఇటు, తోక అటు తిప్పి మళ్లీ స్కాన్ చేయండి. గీత మళ్లీ అమ్మమ్మ భుజం మీదే ఉంటే అది ఫిల్మ్ మీది గీర. భుజం వదిలి పక్కకు పోతే స్కానర్‌ది. కలర్ నెగెటివ్ మీది గీరలను ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసే డిజిటల్ ఐస్ అనే సదుపాయం చాలావరకు కప్పేస్తుంది. వెండి ఉండే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద అది పనిచేయదు, కాబట్టి పాత 'ఇందు' బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లను చేత్తో టచప్ చేసుకోవాల్సిందే.

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ సెకండ్ హ్యాండ్ స్కానర్ కొనేవాళ్లు ఖాళీ హోల్డర్‌ను ఫిల్మ్ మోడ్‌లో ఒకసారి స్కాన్ చేయించి, ఆ ఫైలుకు కాంట్రాస్ట్ పూర్తిగా పెంచి చూడాలి. సందు తుడిచాక కూడా గీత అదే చోట మిగిలితే లోపం సెన్సార్‌లోనో లోపలి అద్దం మీదో ఉన్నట్టు. అలాంటప్పుడు విప్పి బాగుచేసేవాళ్లు తెలిస్తే తప్ప ఆ బేరం వదిలేయడమే మంచిది.