మోకాలి గుజ్జు, సైకిలు సీటు: పనికి సైకిలు మీద వెళ్ళడంపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు పొగతోటలో ఫిజియోథెరపీ చేస్తాను. ఇల్లు వేదాయపాళెంలో. రానూపోనూ పది కిలోమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. ఆరేళ్ళుగా సైకిలు మీదే పోయి వస్తున్నా. క్లినిక్ మెట్ల కింద ఆ సైకిలు చూసిన పేషెంట్లు కొందరు ప్రశ్నలు అడుగుతారు, ఎక్కువమంది సలహాలు చెప్తారు. వాటిలో తరచూ వినపడే కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నా.

అపోహ: సైకిలు తొక్కితే మోకాళ్ళలో గుజ్జు అరిగిపోతుంది

"మీరే తొక్కుతుంటే ఇంక మాకేం చెప్తారు సార్" అని ఒక పెద్దాయన నవ్వాడు కూడా. గుజ్జు అంటే కీలులో ఎముకల చివర్లకి ఉండే నున్నటి పొర. దానికి రక్తనాళాలు ఉండవు. కీలులోని జిగట ద్రవమే దానికి తిండి. మోకాలు ముడుస్తూ చాపుతూ ఉంటేనే ఆ ద్రవం గుజ్జులోకి ఇంకుతుంది. పొద్దస్తమానం కుర్చీలో ఉండే మోకాలికే ఆ తిండి సరిగా అందదు. పైగా నడిచినా మెట్లెక్కినా ఒంటి బరువంతా మోకాళ్ళు మోయాలి. సైకిలు మీద అందులో చాలా భాగం సీటు మోస్తుంది. అందుకే కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళ చేత మా క్లినిక్‌లో ఉన్నచోటే ఉండే సైకిలు తొక్కిస్తాం.

మరి తొక్కితే నొప్పి వచ్చిందని చెప్పేవాళ్ళు అబద్ధం ఆడుతున్నారా అంటే, లేదు. నాకే వచ్చింది. మొదటి నెలలో మెట్లు దిగుతుంటే చిప్ప కింద ఒకటే పోటు. ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళు చూసే నేను నా సీటు చూసుకోలేదు. కొన్న రోజు షాపులో కుర్రాడు "రెండు కాళ్ళూ నేలకి ఆనాలి సార్, అప్పుడే సేఫ్" అని కిందికి బిగించి ఇచ్చాడు. నేనూ తలూపి తెచ్చుకున్నా.

సీటు కిందికి ఉంటే మోకాలు బాగా ముడుచుకుని ఉన్నప్పుడే బలమంతా పెట్టాల్సి వస్తుంది. అప్పుడు చిప్ప తొడ ఎముకకి గట్టిగా ఒత్తుకుంటుంది. నిమిషానికి యాభై అరవై సార్లు, రోజుకి నలభై నిమిషాలు ఇదే పని. నొప్పి రాకుండా ఎలా ఉంటుంది?

ఎత్తు చూసుకోవడం తేలికే. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడలు అట్టడుగుకి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది. కావాల్సింది ఆ కొద్ది వంపే. తొక్కుతుంటే నడుము అటూఇటూ ఊగుతోందంటే సీటు మరీ పైకి పోయిందని లెక్క. మామూలుగా నొప్పి చిప్ప ముందు వస్తే సీటు తక్కువైందని, మోకాలి వెనక వస్తే ఎక్కువైందని అనుమానించాలి. ఆగినప్పుడు రెండు కాళ్ళూ ఆనక్కర్లేదు, సీటు దిగి ఒక కాలు కింద పెడితే చాలు. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. గేర్ల సైకిలైతే బరువు గేరులో బలంగా తొక్కకండి. తేలిక గేరులో చకచకా తిప్పడమే మోకాలికి మంచిది.

అపోహ: పొట్ట తగ్గాలంటే సైకిలు కొంటే చాలు

ఇది మాత్రం సైకిలు మీద ప్రేమతో పుట్టిన అపోహ. డెబ్భై కిలోల మనిషి నా దారిలో నలభై నిమిషాలు తొక్కితే 200, 250 కేలరీలు ఖర్చవుతాయి. దారిలో ఆగి ఒక నెయ్యి కారం దోసె లాగించారంటే ఆ ఖర్చంతా తిరిగొచ్చేసినట్టే, పైన కొంత మిగులు కూడా. నేను ఆగను అని చెప్పను. బరువు సంగతి కంచం దగ్గర తేలాలి.

అపోహ: అది పనికి పోవడమే, వ్యాయామం కిందికి రాదు

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి నేను రాసిచ్చేది వ్యాయామమే. సగం మంది చెయ్యరు. సోమరితనం వల్ల కాదు, టైమ్ లేక. పొద్దున పిల్లల స్కూలు, సాయంత్రం ట్యూషను. జిమ్‌కి కట్టిన డబ్బు మూడో నెలకి నీళ్ళపాలు. సైకిలు సులువు అక్కడే ఉంది. ఎలాగూ పనికి పోవాలి, పోయే దారే వ్యాయామం. మానేద్దామన్నా కుదరదు, ఎందుకంటే సాయంత్రం ఇంటికి రావాలి గదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. రోజుకి నలభై నిమిషాల చొప్పున ఆరు రోజులు పోయి వస్తే 240 నిమిషాలు. వేరే టైమ్ తియ్యకుండానే లెక్క తీరిపోతుంది. తొక్కేటప్పుడు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఓ మోస్తరు అంటే అంత.

2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా ఉద్యోగుల్ని ఐదేళ్ళు గమనించారు. కారులోనో బస్సులోనో పోయేవాళ్ళతో పోలిస్తే సైకిలు మీద పోయేవాళ్ళకి గుండెజబ్బు వచ్చే ముప్పు 46 శాతం తక్కువగా కనిపించింది. సైకిలెక్కేవాళ్ళు ముందునుంచే కాస్త ఆరోగ్యంగా ఉండేవాళ్ళేమో అన్న సందేహం ఇలాంటి వాటిలో ఎప్పుడూ ఉంటుంది. సగానికి సగం తీసేసుకున్నా మిగిలేది తక్కువేం కాదు.

అపోహ: షుగరు ఉంటే సైకిలు జోలికి పోకూడదు

పోవాలి. పనిచేస్తున్న తొడ కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలో చక్కెరని లాక్కుంటుంది. అయితే ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు పరగడుపున బయల్దేరకండి. జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు ఉంచుకోండి, డాక్టరుకి ఒక మాట చెప్పండి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు హవాయి చెప్పులతో తొక్కకూడదు. పెడలు గీరుకున్నా తెలియదు, ఆ పుండు నెలలు తింటుంది.

గొంతు తగ్గించి అడిగేది

"మగవాళ్ళకి మంచిది కాదంట గదా సార్?" తలుపు వేశాకే అడుగుతారు. సీటు ముక్కు పైకి లేచి ఉంటే అక్కడి నరం ఒత్తుకుని తిమ్మిరెక్కుతుంది, అది నిజం. సీటు బల్లపరుపుగా పెట్టుకోండి, మధ్యమధ్యలో లేచి పెడళ్ళ మీద నిలబడండి. రోజుకి అరగంట తొక్కేవాళ్ళు దీనికి టెన్షన్ పడక్కర్లేదు. ఇన్ని చేసినా తిమ్మిరి పోకపోతే డాక్టరుకి చూపించండి.

అపోహ: సైకిలు తొక్కితే ఎముకలు గట్టిపడతాయి

కండరాలు గట్టిపడతాయి. ఎముక గట్టిపడాలంటే దాని మీద ఒంటి బరువు పడాలి, ఇక్కడేమో బరువు సీటు మోస్తోంది. మోకాలికి మేలు చేసిన గుణమే ఎముక దగ్గరికొచ్చేసరికి లోటు. నలభై ఐదు దాటిన ఆడవాళ్ళు సైకిలుతో పాటు నడవాలి, లిఫ్ట్ మానేసి మెట్లెక్కాలి.

అపోహ: సైకిలంటే బండి కొనలేనివాళ్ళది

విడవలూరు దగ్గర అలగానిపాడులో కలిగిన ఇంట్లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు ఢిల్లీలో పార్లమెంటుకి సైకిలు మీదే పోయేవారు. మన జిల్లాలో ఈ మాట అనేవాళ్ళకి ఇంతకన్నా ఏం చెప్పాలి. నాకైతే పెట్రోలు మీద నెలకి ఆరు వందల దాకా మిగులుతోంది.

ఎండ, చెమట, వాన

చెమటకి సొంతంగా వాసన ఉండదు, చర్మం మీది సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడితేనే వస్తుంది. స్నానం చేసి బయల్దేరి, నింపాదిగా తొక్కి, చేరాక తువ్వాలుతో తుడుచుకుని చొక్కా మార్చుకుంటే సరిపోతుంది. హెల్మెట్ సైకిలుకీ అవసరమే. రోహిణీ కార్తెలో మాత్రం మధ్యాహ్నం పూట నేను సైకిలు తియ్యను. పొద్దున ఎనిమిది లోపు పోయి, పొద్దు గూకాక తిరిగొస్తా. లైటు ముందూ వెనకా ఉండాల్సిందే. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రైలు పట్టాల కింది అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలిస్తే కింద గుంట ఎక్కడుందో తెలియదు. ఆ రోజు సైకిలు మెట్ల కిందే ఉంటుంది, నేను ఆటోలో ఇంటికి పోతా.