బెర్రీలకు వేడినీళ్ల స్నానం: అపోహలు - వాస్తవాలు

చలికాలంలో మహాబలేశ్వరం స్ట్రాబెర్రీ మొజంజాహీ మార్కెట్ దాకా వస్తుంది. డబ్బా ఇంటికి తెచ్చిన రెండో రోజుకే అడుగు పండుకు బూడిదరంగు బూజు పడుతుంది. అది బోట్రైటిస్ అనే శిలీంధ్రం. దాని బీజాలు చాలాసార్లు తోటలోనే పండుకు అంటుకుని ఉంటాయి. వాటిని దెబ్బతీయడానికే పండ్లను కాసేపు వేడినీళ్లలో ముంచి తీస్తారు. దాని చుట్టూ ఉన్న అపోహలు ఇవి.

అపోహ: వేడినీళ్లలో వేస్తే పండు ఉడికిపోతుంది.

52 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో 30 సెకన్లు ఉంచి తీస్తే ఉడకదు. వేడి పైపొరకు తగిలి చాలా బీజాలను దెబ్బతీస్తుంది, గుజ్జులోకి దిగేలోపే పండు బయటికొచ్చేస్తుంది.

అపోహ: గోరువెచ్చని నీళ్లు చాలు.

ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. బీజాలు చావవు సరికదా, ఒక పండు మీదివి నీళ్లలో కలిసి మిగతా పండ్లన్నిటికీ అంటుకుంటాయి. వేలు ముంచి అందాజాగా చూస్తే కుదరదు, వంటకు వాడే డిజిటల్ థర్మామీటర్ ఉండాల్సిందే. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 25 డిగ్రీల కుళాయి నీళ్లు రెండున్నర లీటర్లు, మరిగిన నీళ్లు లీటరున్నర కలిపితే దాదాపు 52 వస్తుంది. గిన్నె కొంత వేడి లాక్కుంటుంది కాబట్టి కొలిచి సరిచేయండి. ఒక్కో విడతకు పావుకిలో మించొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన పండ్లు ఎక్కువ వేస్తే నీళ్లు చల్లబడి శ్రమంతా వృథా. చిల్లుల గిన్నెలో వేసి ముంచండి, తొడిమలు తీయొద్దు. తీస్తే ఆ గాయంలోంచి నీళ్లు లోపలికి పోతాయి.

అపోహ: ఇంకాస్త వేడైతే ఇంకా మంచిది.

తొక్క గట్టిగా ఉండే బ్లూబెర్రీ 30 సెకన్లయితే 60 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. స్ట్రాబెర్రీ తట్టుకోలేదు. రంగు మాసి, తొడిమ కమిలి, రసం ఊరుతుంది. ఆ తీపి రసమే కొత్త బూజుకు మేత.

అపోహ: ముంచి తీయగానే డబ్బాలో పెట్టేయొచ్చు.

ఎక్కువమంది పండ్లు పాడుచేసుకునేది ఇక్కడే. తడి మిగిలితే చావని బీజాలు మళ్లీ మొలకెత్తుతాయి. పొడి నూలుగుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, తడి పూర్తిగా ఆరేదాకా ఫ్యాన్ కింద ఉంచండి. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి చెమట పడుతుంది.

అపోహ: బూజు పట్టిన పండూ బాగవుతుంది.

కాదు. బూజు పోగులు అప్పటికే గుజ్జులోకి పాకి ఉంటాయి. మెత్తబడ్డవి, చితికినవి కూడా ముంచకముందే ఏరి పారేయండి.

ఫ్రిజ్ అవసరం ఎటూ తప్పదు. డబ్బాలో టిష్యూ వేసి, పండ్లు ఒకే వరసగా పేర్చి, మూత వదులుగా పెట్టి 4 డిగ్రీల లోపు ఉంచండి.