పేరు పిలిస్తే పలికేదెవరు?

నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ మరొక కంప్యూటర్‌కు సమాచారం పంపాలంటే దాని ఐపీ చిరునామా తెలియాలి. మనం గుర్తుపెట్టుకునేవి మాత్రం పేర్లు. పేరును చిరునామాగా మార్చేందుకు రెండు దారులున్నాయి: అందరినీ ఒకేసారి అడగడం, లేదా అన్ని పేర్లూ తెలిసిన ఒక్కరిని అడగడం. ఈ రెండూ పక్కపక్కనే కనిపించేది, ఆఫీసు నెట్‌వర్క్‌లలో కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునేందుకు ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న నెట్‌బయోస్ అనే ఏర్పాటులో. ఇంటర్నెట్‌కు ఆధారమైన టీసీపీ/ఐపీ నియమాల మీద అది ఎలా నడవాలో 1987 మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాల వరుస) 1001, 1002 పత్రాలు నిర్దేశించాయి.

మొదటి దారి పేరు బ్రాడ్‌కాస్ట్. వెతికే కంప్యూటర్ ‘ఈ పేరు ఎవరిది?’ అనే చిన్న ప్యాకెట్‌ను (సమాచారపు పొట్లాన్ని) యూడీపీ అనే పంపిణీ పద్ధతిలో, 137వ పోర్టు (ఆ పనికి కేటాయించిన ద్వారం) ద్వారా ఆ లాన్‌లోని, అంటే స్థానిక నెట్‌వర్క్‌లోని, యంత్రాలన్నిటికీ పంపుతుంది. ఆ పేరు గలది తన చిరునామా చెబుతుంది. మిగిలినవి ప్యాకెట్‌ను చదివి వదిలేస్తాయి. 250 మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే మళ్లీ అడుగుతుంది. మూడుసార్లు అడిగినా ఎవరూ పలకకపోతే ఆ పేరు గల యంత్రం లేదనుకుంటుంది. ఇక్కడ పేరు అంటే 16 బైట్లు. మొదటి పదిహేను పేరులోని అక్షరాలకు, చివరిది సర్వీసుకు గుర్తు: అది హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) 20 అయితే ఫైళ్లను పంచే సర్వీసు, 00 అయితే వర్క్‌స్టేషన్ సర్వీసు. యంత్రం నెట్‌వర్క్‌లో ఉన్నా దాని ఫోల్డర్లు అందకపోవడానికి, ఈ 20 గుర్తు గల పేరు నమోదు కాకపోవడం ఒక కారణం.

పేరును సొంతం చేసుకునే తీరు మరింత ముచ్చటైనది. కొత్తగా చేరిన కంప్యూటర్ తనకు కావలసిన పేరును లాన్ అంతటికీ ప్రకటిస్తుంది. ఆ పేరు అప్పటికే తనదైన యంత్రం ఏదైనా ఉంటే అభ్యంతరం చెబుతుంది, లేకపోతే పేరు ఖాయమవుతుంది. మౌనం అర్ధాంగీకారమంటారు గాని, ఇక్కడ అది పూర్తి అంగీకారమే. పెత్తనం చేసేవారు ఎవరూ లేకుండానే పేర్ల పంపకం జరిగిపోవడం ఈ పద్ధతిలోని గొప్పతనం. లోపమూ అక్కడే ఉంది: ఆపేసి ఉన్న కంప్యూటర్ తన పేరును కాపాడుకోలేదు.

అంతకన్నా పెద్ద అడ్డంకి, నెట్‌వర్క్‌లను ఒకదానితో ఒకటి కలిపే రూటర్. బ్రాడ్‌కాస్ట్‌లను రూటర్లు సాధారణంగా అవతలికి పంపవు. పంపితే ప్రతి చిన్న ప్రశ్నా నెట్‌వర్క్ అంతటినీ ముంచెత్తుతుంది. అందుకే రూటర్లతో విడదీసిన వేర్వేరు సబ్‌నెట్లు (ఉప నెట్‌వర్క్‌లు) ఉన్న సంస్థలకు రెండో దారి, అంటే అన్ని పేర్లూ తెలిసిన నేమ్ సర్వర్, అవసరమైంది. విండోస్ ప్రపంచంలో ఆ పని చేసినది విన్స్ (విండోస్ ఇంటర్నెట్ నేమ్ సర్వీస్). ప్రతి యంత్రమూ తన పేరును, చిరునామాను దాని దగ్గర నమోదు చేసుకుని, గడువు తీరేలోగా పొడిగించుకుంటుంది; వెతికేది నేరుగా సర్వర్‌నే అడుగుతుంది కాబట్టి రూటర్ అడ్డు రాదు. అయితే సర్వర్ చిరునామా ముందే తెలిసి ఉండాలి, సర్వర్ పనిచేస్తూ ఉండాలి. ఈ రెండు దారులనూ కలిపిన హెచ్-నోడ్ అనే విధానం ముందు సర్వర్‌ను అడిగి, ఫలితం లేకపోతే బ్రాడ్‌కాస్ట్‌కు దిగుతుంది.

ఈ వెసులుబాటులోనే ప్రమాదం పొంచి ఉంది. ఎవరో సర్వర్ పేరును ఒక అక్షరం తప్పుగా టైప్ చేశారనుకుందాం. ఆ పేరు ఏ నేమ్ సర్వర్‌లోనూ ఉండదు కాబట్టి ప్రశ్న లాన్ అంతటికీ వెళుతుంది. అక్కడ దురుద్దేశంతో కాచుకున్న యంత్రం ‘అది నేనే’ అంటుంది. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే ఏర్పాటు నెట్‌బయోస్‌లో లేదు. అడిగిన కంప్యూటర్ దాన్ని నమ్మి, లాగిన్ వివరాల ఆనవాళ్లను దాని చేతిలో పెట్టే అవకాశముంది. అవసరం లేని చోట ఈ సదుపాయాన్ని ఆపివేయాలన్న భద్రతా నిపుణుల సలహా నిస్సందేహంగా పాటించదగినది.

అలాగని అందరినీ అడిగే పద్ధతి అంతరించలేదు. నేమ్ సర్వర్‌ను నడిపేవారు లేని చిన్న నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ను కనుక్కోవడానికి అంతకన్నా తేలికైన మార్గం దొరకడం కష్టం. 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6762గా వెలువడిన మల్టీకాస్ట్ డీఎన్ఎస్ అనే పద్ధతి, ‘.లోకల్’తో ముగిసే పేర్ల కోసం 224.0.0.251 అనే చిరునామాకు ప్రశ్న పంపుతుంది. ఆ చిరునామాను ఆలకిస్తున్న పరికరాలే దాన్ని అందుకుంటాయి. అందులోనూ కొత్త పరికరం తన పేరు ఖాళీగా ఉందో లేదో 250 మిల్లీసెకన్ల ఎడంతో మూడుసార్లు అడిగాకే దాన్ని తీసుకుంటుంది.