పాత సైకిల్ ఇచ్చే ముందు, అమ్మే ముందు: అపోహలు - వాస్తవాలు

జూన్‌లో బడులు తెరిచే ముందు నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లల్లో మెట్ల కింద, బంగ్లా మీద పడి ఉన్న సైకిళ్లు బయటికి వస్తాయి. కొన్ని పాత సామాన్ల బండి ఎక్కుతాయి, కొన్ని ఎవరో ఒకరికి దానంగా పోతాయి. బాగుపడే సైకిల్ తుక్కులోకి పోవడం, పనికిరానిది పిల్లల చేతికి రావడం రెండూ తప్పే.

అపోహ: తుప్పు పట్టింది, ఇక కిలోల లెక్కన అమ్మాల్సిందే.

తుప్పు ఎంత ఉందని కాదు, ఎక్కడ ఉందని చూడాలి. మడ్‌గార్డు, హ్యాండిల్, స్టాండు మీద ఉన్నది చాలావరకు పైపైదే, ఇసుక కాగితంతో గీకితే పోతుంది. భయపడాల్సిన చోట్లు మూడు: హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే జాయింటు, ప్యాడిళ్ల నడుమ ఇరుసు తిరిగే గొట్టం (బీబీ) అడుగుభాగం, వెనక చక్రం నట్లు బిగించే చెవులు. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. మొన దిగినా, రంగు కింద వెంట్రుకంత పగులు కనిపించినా ఆ ఫ్రేమ్‌ను ఎవరికీ ఇవ్వొద్దు. ఫ్లోరైడ్ ఊళ్లలో తాగే నీళ్లు తెచ్చేది సైకిల్ మీదే. 20 లీటర్ల క్యాన్లు రెండు కడితే 40 కిలోలు. ఆ బరువుకు హ్యాండిల్ జాయింటు విరిగితే మనిషి ముఖం మీద పడతాడు.

ఫ్రేమ్ వంకర చూడడానికి దారం చాలు. వెనక చెవి దగ్గర కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో చెవికి కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉండాలి. 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే దాన్ని విడిభాగాలకు వాడుకోండి. చక్రాలు, క్యారియర్, సీటు, చైన్ కవర్ ఇంకో సైకిల్‌ను నడిపిస్తాయి.

అపోహ: గాలి కొట్టి, చైనుకు నూనె వేస్తే సిద్ధమైనట్టే.

ఎక్కువ సైకిళ్లు మళ్లీ మూలకు చేరేది దీనివల్లే. గాలి లేకుండా నెలల తరబడి నిలబెట్టిన టైరు పక్క గోడ నలిగి పగులుతుంది. గాలి కొడితే నిలుస్తుంది, ఎండలో రోడ్డెక్కాక పగిలిన చోట ట్యూబు ఉబ్బి పేలుతుంది. టైరును వంచి చూడండి, లోపలి దారాలు కనిపిస్తే మార్చాల్సిందే. మన దగ్గర సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు టైరులోనే విరిగి ఉండిపోతాయి. టైరు విప్పినప్పుడు లోపలంతా గుడ్డతో తుడవండి, ముల్లు ఉన్న చోట గుడ్డ పట్టుకుంటుంది. తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదే సాయంత్రం మళ్లీ పంక్చర్. అతుకు ఊడిపోవడానికి ఎక్కువసార్లు కారణం తొందరే: సొల్యూషన్ వేలికి అంటనంత వరకు ఆరాకే అతుకు పెట్టాలి. ఇక పంక్చర్ లేకున్నా గాలి దిగుతుంటే వాల్వ్ మీద ఉమ్మి తడి పెట్టి చూడండి. బుడగలు వస్తే లోపలి సన్న వాల్వ్ ట్యూబు ఎండిపోయినట్టు. అది చాలా చవక.

చైన్ మీద స్కేలు పెట్టి కొలవండి. కొత్త చైన్‌లో 24 ముక్కలు, పిన్ను నుంచి పిన్నుకు, సరిగ్గా 12 ఇంచులు. ఇంచులో ఎనిమిదో వంతు ఎక్కువ వస్తే చైన్ మార్చాలి, వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం (ఫ్రీవీల్) పళ్లు కూడా చూడాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ జారుతుంది. చెల్క మట్టి దారుల్లో నడిచిన చైన్‌కు నూనె వేస్తే ఇసుక లోపలికి పోయి ఇంకా అరుగుతుంది. ముందు డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, తర్వాతే నూనె, అదీ ముక్కకో చుక్క.

చక్రాల నడుమ ఉండే హబ్బులు, బీబీ విప్పి గ్రీజు మార్చాలి. మామూలు నల్ల సైకిల్‌కు వెనక హబ్బులో పావు ఇంచు ఛర్రాలు (బేరింగ్ గుండ్లు) పక్కకు 9, బీబీలో పక్కకు 11. గుంతలు పడ్డ ఛర్రాలలో ఒకటి రెండు కాదు, మొత్తం సెట్టు మార్చండి. తొక్కుతుంటే టక్ టక్‌మంటే, ప్యాడిల్ ఉండే కడ్డీని (క్రాంక్) ఇరుసుకు బిగించే కాటర్ పిన్ వదులైంది. అలాగే నడిపితే క్రాంక్ రంధ్రం సాగి క్రాంకే పోతుంది. ఎడమ ప్యాడిల్ మర ఎదురు మర, మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది.

అపోహ: 26 టైరు అంటే ఏ 26 అయినా ఒకటే.

26 x 1⅜ టైరు 590 మిల్లీమీటర్ల రిమ్ముకు. 26 x 1.95 టైరు 559 రిమ్ముకు. ఒకటి ఇంకోదానికి పట్టదు. నల్ల సైకిల్ 28 x 1½ టైరుకు రిమ్ము 635. పాత టైరు పక్కనున్న అంకెలు రాసుకుని దుకాణానికి వెళ్లండి.

అపోహ: గేర్ల సైకిల్ ఇస్తే పల్లె పిల్లలు ఎక్కువ సంతోషిస్తారు.

మొదటి నెల సంతోషిస్తారు. గేర్లు మార్చే డిరేలర్ వంగిందంటే దగ్గర్లో సరిచేసేవాడు దొరకడం కష్టం. గేర్లవి పట్నంలో అమ్మి, వచ్చిన డబ్బుతో నల్ల సైకిళ్లు బాగుచేయించడమే మేం సరైనదని అనుకునేది. సైజు కూడా చూడాలి: సీటు మీద కూర్చున్నప్పుడు కాలి వేళ్లు నేలకు ఆనాలి. 'పెరుగుతాడులే' అని పెద్దది ఇస్తే బ్రేకు పట్టేటప్పుడు పడతాడు.

అపోహ: ఉచిత బస్సు వచ్చాక సైకిల్ ఎవరికి కావాలి?

2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు, మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది, మంచిదే. కానీ బస్సు స్టేజీ దగ్గర ఆగుతుంది, తండా అక్కడి నుంచి రెండు మూడు కిలోమీటర్లు. మగపిల్లలకు అది వర్తించదు. హైస్కూల్ ఊళ్లో లేని పిల్లలకు సైకిలే దిక్కు.

అపోహ: దానమైతే చీటీ ఎందుకు?

ఇచ్చినా, అమ్మినా చీటీ కావాలి. సీటు గొట్టం దగ్గరో బీబీ కిందో కొట్టిన ఫ్రేమ్ నంబరు, తేదీ, ఇద్దరి పేర్లు, సంతకాలు. నంబరు గీకేసి ఉంటే తీసుకోవద్దు. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. పన్ను మినహాయింపు వస్తుందని కూడా లెక్క వేసుకోవద్దు. ఆ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే, సైకిల్‌కు రాదు.