ఐపీ (దివాలా పిటిషన్) పెట్టే ముందు లాయరును ఎందుకు కలవాలి? అపోహలు - వాస్తవాలు

అపోహ: లాయరు చేత ‘ఐపీ నోటీసు’ పంపిస్తే అప్పులవాళ్లు ఇక ఏమీ చేయలేరు.

వాస్తవం: ఆ నోటీసు ఒట్టి ఉత్తరం. కోర్టులో పిటిషన్ వేసి, ఐ.పి. నంబరు పడితేనే కేసు ఉన్నట్టు. పైగా ‘బాకీలు కట్టడం ఆపేశాను’ అని అప్పులవాళ్లకు నోటీసు ఇవ్వడమే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ‘దివాలా చర్య’, అంటే దివాలా పిటిషన్‌కు ఆధారమయ్యే పని. దాన్ని చూపించి మూడు నెలల్లోపు వాళ్లే మీ మీద పిటిషన్ వేయొచ్చు. ఒకసారి వేసిన పిటిషన్‌ను, మీది గానీ వాళ్లది గానీ, కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోవడం కుదరదు.

అపోహ: 2016లో కొత్త చట్టం వచ్చింది కాబట్టి 1920 చట్టం పోయింది.

వాస్తవం: ఆ కొత్త చట్టంలో (ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్సీ కోడ్) వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్నది కంపెనీ అప్పుకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకే. మిగతా అందరికీ మన జిల్లాల్లో ఇంకా పాత చట్టమే, ఎక్కువగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులోనే. బావమరిది కంపెనీ లోనుకు ఎప్పుడో పెట్టిన హామీ సంతకం కూడా లాయరుకు చెప్పాలి.

అపోహ: ముందు ఇల్లు భార్య పేర రాసేసి, తర్వాత ఐపీ పెడితే సరి.

వాస్తవం: ఎక్కువమంది మునిగేది ఇక్కడే. రెండేళ్లలోపు చేసిన దాన సెటిల్‌మెంటును 1920 చట్టం 53వ సెక్షన్ కింద కోర్టు రద్దు చేయొచ్చు. దగ్గరివాడని ఒక్కడి బాకీ మాత్రం తీర్చి మూడు నెలల్లోపు పిటిషన్ పడితే, 54వ సెక్షన్ కింద అదీ చెల్లదు. ఆస్తి మోసంతో దాచినట్టు తేలితే ఏడాది దాకా జైలు. విచిత్రమేమిటంటే, కొందరు రాసిచ్చేసే ఆస్తికి చట్టం ముందే రక్షణ ఇచ్చి ఉంటుంది. తనఖాలో లేకపోతే రైతు తాను ఉంటున్న ఇల్లు, వ్యవసాయ పనిముట్లు, వంట పాత్రలు, ప్రావిడెంట్ ఫండ్ సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జప్తుకు రావు.

అపోహ: ఐపీతో అన్ని బాకీలూ మాఫీ.

వాస్తవం: తనఖా పెట్టిన ఇంటి మీద బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది. చెక్ బౌన్స్ క్రిమినల్ కేసు ఆగదు. ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, భరణం డిశ్చార్జి (కోర్టు బాకీల నుంచి విడుదల చేయడం) తర్వాత కూడా మిగులుతాయి. మీకు జామీను ఉన్నవాడికీ విముక్తి లేదు. చిట్టీకి సంతకం పెట్టిన స్నేహితుడికి ఆ సంగతి ముందే చెప్పండి.

అపోహ: ఐపీ పెట్టకపోతే అప్పుకు జైలే.

వాస్తవం: డబ్బు కట్టమన్న కోర్టు డిక్రీకి అరెస్టు కావాలంటే, కట్టే స్తోమత ఉండీ ఎగ్గొడుతున్నాడనో, ఆస్తి దాచాడనో, పారిపోయేలా ఉన్నాడనో కోర్టుకు నమ్మకం కలగాలి. కేవలం లేమి వల్ల కట్టలేకపోతే జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. ఈ భయం ఒక్కటే అయితే ఐపీ అసలు అవసరమా అని లాయరును అడగాలి.

అపోహ: షెడ్యూల్ (పిటిషన్‌తో ఇచ్చే అప్పుల జాబితా) గుమస్తా రాసేస్తాడు, మనం సంతకం పెడితే చాలు.

వాస్తవం: ప్రతి అప్పుకూ ఒక వరస ఉండాలి: ఇచ్చినవాడి పేరు, ఊరు, తేదీ, అసలు, కట్టిన వడ్డీ, ప్రోనోటా చేబదులా, జామీను ఎవరు. పెద్ద బాకీలు రాసి అయిదు వేల చేబదులు మరిచిపోతారు. ఆ ఒక్కడే కోర్టుకొచ్చి ‘నా పేరు దాచాడు’ అంటే మీ మాట మీద నమ్మకం పోతుంది. లాయరు దగ్గరకు సిబిల్ రిపోర్టు, ఆస్తుల ఈసీ, రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, వచ్చిన సమన్లన్నీ తీసుకెళ్లండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

అపోహ: దివాలా ఉత్తర్వు వస్తే పని అయిపోయింది.

వాస్తవం: అప్పటికి సగమే. డిశ్చార్జికి ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలో ఆ ఉత్తర్వులోనే గడువు ఉంటుంది. దాటితే ఉత్తర్వే రద్దు కావచ్చు, మళ్లీ ఐపీ వేయాలంటే కోర్టు అనుమతి కావాలి. డిశ్చార్జి కాకుండా, తాను దివాలాదారునని చెప్పకుండా యాభై రూపాయలు అప్పు తీసుకున్నా నేరమే. 1920 నాటి యాభై, ఇంకా మారలేదు.