వేళ్లలోనే ఆగిన నికోటిన్

సిగరెట్లో నికోటిన్ తగ్గిస్తే నాలుగు ఎక్కువ కాలుస్తారు, అంతేగా? ఈ అనుమానం 'లైట్' సిగరెట్ల పుణ్యం. వాటిలో పొగాకు మామూలుదే, ఫిల్టర్ చుట్టూ మాత్రం కంటికి ఆనని రంధ్రాలుంటాయి. నికోటిన్ కొలిచే పరీక్ష యంత్రం నిమిషానికోసారి, రెండు సెకన్లపాటు, 35 మిల్లీలీటర్లు పీల్చేది. రంధ్రాల్లోంచి గాలి కలిసి లెక్క తక్కువొచ్చేది. మనిషి ఊరుకుంటాడా? చేతివేళ్లతో, పెదాలతో వాటిని మూసి, గట్టిగా లాగి తనక్కావలసింది రాబట్టుకున్నాడు.

పొగాకు మొక్కలోనే నికోటిన్ తగ్గించిన కొత్త రకం సిగరెట్లో ఆ ఎత్తు పారదు. నికోటిన్ పుట్టేది ఆకులో కాదు, మొక్క వేళ్లలో. టమాటా వేరు మీద పొగాకు కొమ్మను అంటుకడితే ఆకుల్లో నికోటిన్ దాదాపు ఉండదు. పొగాకు వేరు మీద టమాటా కొమ్మ పెడితే టమాటా ఆకుల్లోకి నికోటిన్ ఎక్కుతుంది! ప్రకాశం జిల్లా రైతు పూమొగ్గ రాగానే తల తుంచితే ఆకు ఘాటెక్కేది కూడా ఇందుకే, తల తెగగానే వేళ్లు తయారీ పెంచుతాయి. ఆ వేళ్లలో క్వినోలినేట్ ఫాస్ఫోరిబోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ జన్యువును అణిచేస్తే, నికోటిన్ అణువులోని పిరిడిన్ వలయానికి ముడిసరుకు కరువవుతుంది. పరిశోధనకు వాడే మామూలు సిగరెట్లో గ్రాము పొగాకుకు 15.8 మిల్లీగ్రాముల నికోటిన్, ఇందులో 0.4. రోజుకు 20 కాల్చేవాడు పాత మోతాదు అందుకోవాలంటే దాదాపు 800 కాల్చాలి. 2015లో అమెరికాలో 840 మందితో జరిగిన ప్రయోగంలో ఆరో వారానికి మామూలు రకం కాల్చినవారి సగటు రోజుకు 21.3, 0.4 రకం వారిది 14.9.

నొప్పితో బాధపడుతూ కాల్చేవారి సంగతి వేరు. నికోటిన్ నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. రెండు గంటల్లో రక్తంలో అది సగమవుతుంది, తగ్గేకొద్దీ నొప్పి పదునెక్కుతుంది. 'దమ్ము కొడితే నడుంనొప్పి పోతుంది' అనే నమ్మకానికి పునాది ఇదే: పోయేదాంట్లో కొంత సిగరెట్టు తెచ్చిన నొప్పే. ఓపియాయిడ్ల (నల్లమందు తరహా నొప్పి మందుల) వ్యసనం ఉన్నవారిని కూడా కలుపుకుని 169 మందిపై చేసిన పరిశోధన 2017లో వచ్చింది. రెండు రకాల సిగరెట్లలో ఒకటి ఎంచుకోమంటే వాళ్లూ ఎక్కువగా 15.8 వైపే మొగ్గారు. అంటే 0.4కి పట్టు తక్కువ. అయినా సిగరెట్టు ఆపితే వచ్చే విడుపు బాధను కాసేపు తగ్గించడంలో అది పెద్దగా వెనకబడలేదు. పొగకు, అలవాటుకు కూడా వాటా ఉందన్నమాట.

ఇంట్లో మామూలు పెట్టె దాచుకుంటే ఇదంతా వృథా. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎలాగూ తగ్గవు. నొప్పికి డులోక్సెటిన్ అనే మందు వాడేవారికి ఇంకో చిక్కుంది. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో సీవైపీ1ఏ2 ఎంజైమ్‌ను రెచ్చగొట్టి, రక్తానికి అందే మందును మూడో వంతు తగ్గిస్తాయి. ఆ పని నికోటిన్‌ది కాదు కాబట్టి 0.4 రకానికి మారినా మోతాదు లెక్క మారదు. పూర్తిగా మానితే మాత్రం వారంలోపే మందు స్థాయి పెరుగుతుంది. మానే తేదీ డాక్టరుకు ముందే చెప్పాలి.